ఐదు కార్డులు, రెండు స్లాట్లు: గాంధీనగర్ మిక్సింగ్ స్టూడియో కేసు

ఆషాఢం వచ్చిందంటే పెళ్లి వీడియోల వాళ్లకి చేతులు ఖాళీ. ముహూర్తాలు ఉండవు, అంతకుముందు చేసిన పెళ్లిళ్ల వీడియోలు చాలావరకు ఇచ్చేసి ఉంటారు. సిస్టమ్ విప్పి దులుపుకోవాలన్నా, మార్చుకోవాలన్నా అదే టైమ్. 2025 ఆషాఢంలో విజయవాడ గాంధీనగర్ నుంచి ఒక మిక్సింగ్ స్టూడియో (పెళ్లి వీడియోల ఎడిటింగ్) ఆయన ఫోన్ చేశారు. పదమూడేళ్ల కిందట ఆయన మిషన్ అసెంబుల్ చేసింది నేనే. బాబాయి గారూ అని పిలుస్తాను.

“అబ్బాయ్, కొత్త మిషన్ తీసుకుంటున్నా. కొటేషన్ కూడా వచ్చేసింది. పాత దాంట్లో కార్డులున్నాయిగా, అవి పీకి ఇందులో గుచ్చిపెట్టు. శ్రావణం మొదలయ్యేలోపు అయిపోవాలి.”

“పట్టేస్తాయిలే బాబాయి గారూ” అనేశాను. కేబినెట్ తెరిచి చూడకుండా అనకూడని మాట అది.

ఆయన ఇబ్బంది నిజమైనదే. కొత్త కెమెరాలో తీసిన 4కే క్లిప్పులు టైమ్‌లైన్ మీద పెడితే పాత ఐ5-3470 నత్తనడక నడుస్తోంది. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో 10 బిట్, 4:2:2 రకం (రంగుల వివరం ఎక్కువ ఉండే) వీడియో అది. ఆ ప్రొసెసర్ తయారైన 2012 నాటికి ఆ ఫార్మాట్ ఇంకా ఖరారే కాలేదు. ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, మంగళసూత్రం కట్టే సీన్‌లో ముళ్లు కాదు, ఫ్రేములు లెక్కపెట్టుకోవచ్చు. పైగా లోపల ఇంకా విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాని మీద ఎక్కవు.

మర్నాడు వెళ్లి పక్క డోరు తీశాను. ఏలూరు రోడ్డు దుమ్ము మొత్తం ఫ్యాన్ రెక్కల మీద బొంతలా పేరుకుని ఉంది. బ్లోయర్ కొట్టాక ఒక్కోటీ బయటపడ్డాయి. అన్నిటికన్నా పైన జీటీఎక్స్ 550 టీఐ గ్రాఫిక్స్ కార్డు. దాని కింద పొట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లలో రెండు: అదనపు హార్డ్‌డిస్కుల కోసం రెండు పోర్టుల సాటా కార్డు, ఒక జోనార్ డీఎక్స్ సౌండ్ కార్డు. ఇంకా కింద పాత పీసీఐ స్లాట్లలో మరో రెండు: వీఐఏ చిప్ ఉన్న ఫైర్‌వైర్ కార్డు (క్యాసెట్ కెమెరాలోని వీడియోని కంప్యూటర్‌లోకి దించేది), పసుపు రంగు ఏవీ పిన్ను ఉన్న టీవీ ట్యూనర్ కార్డు. మొత్తం ఐదు. సాటా, సౌండ్ కార్డులు నేను పెట్టినవి కావు, మధ్యలో ఎవరో పెట్టారు.

కొటేషన్ కాగితం చూశాను. మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజులో బీ760 మదర్‌బోర్డు. దాని మీద ఒక పొడుగాటి స్లాటు, ఒక పొట్టి స్లాటు. అంతే. పాత పీసీఐ ఒక్కటీ లేదు.

ఇక్కడ పేర్ల తికమక ఒకటి ఉంది. పీసీఐ 1992 నాటిది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2004 నుంచి బోర్డుల మీద కనపడటం మొదలైంది. పేరులో చుట్టరికం కనపడుతుంది కానీ ఒకదాని కార్డు ఇంకోదానిలో దూరదు. ఎక్స్‌ప్రెస్‌లో మాత్రం తరాల గొడవ లేదు. పదిహేనేళ్ల కిందటి ఎక్స్‌ప్రెస్ కార్డు నేటి స్లాట్‌లో కూర్చుని తన పాత వేగంతోనే పని చేసుకుంటుంది, పొట్టి కార్డు పొడుగు స్లాట్‌లోనూ పని చేస్తుంది. ఇంటెల్ వాళ్లు 2011లో 6 సిరీస్ దగ్గర మామూలు చిప్‌సెట్ల నుంచి పీసీఐని తీసేశారు. ఆఫీసు వాడకం రకాల్లో ఇంకొంతకాలం ఉంచారు. మా పాత బోర్డు బీ75 కాబట్టి దాంట్లో మిగిలింది.

ఆ కొటేషన్‌లో నాకు స్లాట్ల కన్నా ముందు గుచ్చుకున్నది ప్రొసెసర్ పేరు చివరి అక్షరం. ఐ5-14400ఎఫ్. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. “మీకు గ్రాఫిక్స్ కార్డు ఉందిగా, ఆ డబ్బు మిగుల్చుకోండి” అని షాపు కుర్రాడు చెప్పాడట. చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు, నేను ఫోన్‌లో అన్నట్టే అతనూ చూడకుండా అన్నాడు.

పాత మిషన్‌లోనే జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి చూశాను. అందులో యూఈఎఫ్ఐ అనే గడి ఒకటి ఉంటుంది. దాంట్లో టిక్ లేదు. దాని అర్థం ఇదీ. కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ రాకముందే స్క్రీన్ మీద బొమ్మ చూపించడానికి గ్రాఫిక్స్ కార్డు లోపల సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. 2011 నాటి ఈ కార్డులో ఉన్నది పాత బయోస్ పద్ధతి ప్రోగ్రామ్. కొత్త బోర్డులు యూఈఎఫ్ఐ పద్ధతి. పాతదాన్ని అర్థం చేసుకోవడానికి బోర్డుల్లో సీఎస్ఎమ్ అనే ఏర్పాటు ఉండేది. ఇంటెల్ బోర్డుల్లో అది 500 సిరీస్ దగ్గర్నుంచి సన్నగిల్లుతూ వస్తోంది. ఒకవేళ ఉన్నా, ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే సెక్యూర్ బూట్‌కి పొసగదు.

నా మాట మీద నాకే నమ్మకం పోయింది కాబట్టి కార్డు పీకి మా షాపుకి పట్టుకెళ్లాను. టేబుల్ మీద పరీక్షలకి వాడుకునే బీ760 బోర్డు ఉంది. దాంట్లో పెట్టి స్విచ్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది, బోర్డు మీద వీజీఏ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది, స్క్రీన్ నల్లగా ఉంది. మానిటర్ కేబుల్ తీసి బోర్డు సొంత హెచ్‌డీఎమ్ఐలో పెడితే బొమ్మ వచ్చింది, ఎందుకంటే ఆ ప్రొసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంది. ఎఫ్ మోడల్ కొని ఉంటే బోర్డు మీద ఆ హెచ్‌డీఎమ్ఐ ఉన్నా బొమ్మ వచ్చేది కాదు. కొత్త మిషన్ మొదటి రోజే నో డిస్‌ప్లే.

కార్డు నిలబడినా లాభం లేదనుకోండి. ఆ తరం ఎన్విడియా కార్డులకి కొత్త డ్రైవర్లు 2018లోనే ఆపేశారు. హెచ్.265ని విప్పే ఏర్పాటే అందులో లేదు. అదే ఇంటెల్ 11వ తరం నుంచి ప్రొసెసర్‌లోని గ్రాఫిక్సే 10 బిట్ 4:2:2ని హార్డ్‌వేర్‌లో విప్పుతుంది. పెళ్లి వీడియోల వాళ్లకి ఇది చాలా పెద్ద విషయం, చాలామందికి తెలియక గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బులు పోసి ప్రొసెసర్ దగ్గర ఎఫ్ కొంటారు. ఐ5-14500 తీసుకోమన్నాను. అందులో యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్, వీడియో విప్పే ఇంజిన్లు రెండు. 14400లో ఒకటే.

“మరి ఆ కార్డు?”

“దాని పని అయిపోయింది బాబాయి గారూ.”

“పదకొండు వేలు పెట్టానయ్యా అప్పట్లో” అన్నారు. ఈ మాటకి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు.

ఇలాంటి మార్పిడి వచ్చినప్పుడు నేను ముందు చేసే పని స్లాట్లు లెక్కపెట్టడం కాదు. డివైస్ మేనేజర్ తెరిచి ఒక్కో కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అక్కడ వెన్ అని నాలుగు అంకెలు, డెవ్ అని నాలుగు అంకెలు వస్తాయి. స్టిక్కర్ మీద ఏ బ్రాండ్ పేరున్నా అసలు చిప్ ఎవరిదో అదే చెబుతుంది. ఫైర్‌వైర్ కార్డుకి 1106, 3044 వచ్చింది, అంటే వీఐఏ చిప్. ట్యూనర్‌కి 1131, 7134. ఫిలిప్స్ చిప్. ఒక కాగితం మీద రాసుకుని ప్రతిదాని పక్కనా ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇది అందరికీ తెలిసిన భాష మాట్లాడుతుందా, కంపెనీ సొంత భాషా?

సాటా కార్డు మాట్లాడేది ఏహెచ్‌సీఐ. అది ఉమ్మడి ప్రమాణం, విండోస్‌కి పుట్టుకతో వచ్చిన భాష. డ్రైవర్ సీడీ పోయినా, కంపెనీ మూతబడినా ఫరవాలేదు. ఫైర్‌వైర్ కార్డుదీ అలాంటిదే, ఓహెచ్‌సీఐ. ట్యూనర్, సౌండ్ కార్డు మాత్రం తయారుచేసినవాళ్లు డ్రైవర్ రాస్తేనే నోరు విప్పుతాయి. వాళ్లు రాయడం ఎప్పుడు మానేశారో కార్డు ఆయుష్షు అక్కడితో సరి. ఇనుము ఎంత బాగున్నా ఒకటే.

మూడు ఎక్స్‌ప్రెస్ కార్డులు అవసరం పడేలా ఉన్నాయి కాబట్టి బోర్డు కూడా మార్పించాను. పూర్తి ఏటీఎక్స్ సైజు బీ760. పొడుగు స్లాట్లు రెండు, పొట్టివి రెండు. మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక కింద చిన్న అక్షరాలు చదివాకే కొనిపించాను. చాలా బోర్డుల్లో ఫలానా ఎం.2 (ఎస్ఎస్‌డీ పెట్టే చిన్న స్లాటు)లో ఫలానా రకం ఎస్ఎస్‌డీ పెడితే ఒక సాటా పోర్టు ఆగిపోతుంది, లేదా ఒక స్లాటు ఆగిపోతుంది. ఇది పెట్టె మీద రాయరు.

సాటా కార్డు పెట్టాను, విండోస్ 11 గుర్తుపట్టింది, డిస్కులు కనిపించాయి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

సౌండ్ కార్డు గంటసేపు ఏడిపించింది. స్లాట్‌లో బాగానే కూర్చుంది కానీ గుర్తుపట్టినట్టే పట్టి శబ్దం లేదు. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, స్లాటు మార్చాను, కాంటాక్టులు పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. చివరికి కార్డుని వెలుతురులో పెట్టి చూస్తే వెనక అంచున నాలుగు సన్నటి పిన్నులు. పాత ఫ్లాపీ డ్రైవ్‌కి వెళ్లే పవర్ పిన్ను అది. జోనార్ డీఎక్స్‌కి స్లాట్ నుంచి వచ్చే కరెంట్ ఒక్కటే చాలదు, ఆ పిన్ను కూడా పెట్టాలి. పాత ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంట్ ఇచ్చే డబ్బా)లో ఫ్లాపీ వైరు ఉంది కాబట్టి ఎవరికీ గుర్తులేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వైరే రావడం లేదు. గవర్నర్‌పేటలో మూడు షాపులు తిరిగితే ఒకాయన పాత సామాన్ల డబ్బాలోంచి మోలెక్స్ అనే పెద్ద పవర్ పిన్ను నుంచి ఫ్లాపీ పిన్నుకి మారే చిన్న వైరు తీసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు, “ఇంకా వాడేవాళ్లున్నారా” అని మాత్రం అడిగాడు. అది పెట్టగానే మాట్లాడింది. డ్రైవర్ విండోస్ 10 కాలం నాటిది, ప్రస్తుతానికి నడుస్తోంది. ఏదో ఒక అప్‌డేట్ దాన్ని పడగొడుతుందని ముందే చెప్పి, స్పీకర్ల వైరు బోర్డు ఆడియోకి మార్చుకోవడం బాబాయి గారి చేతే ఒకసారి చేయించాను.

ఇక ఫైర్‌వైర్ కార్డు. ఈ కేసులో నేను పోగొట్టుకున్న నాలుగు రోజులూ దీనికే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీరువా కింది అరల్లో దాచుకున్న పెళ్లి క్యాసెట్లు చాలామందికి పోయాయి. పోనివాళ్లకి భయం పట్టుకుంది. ఆ దసరా నుంచి బాబాయి గారి దగ్గరికి మినీ డీవీ క్యాసెట్లు సంచుల్లో రావడం మొదలైంది. ఆయన ఆర్డర్ పుస్తకం తిరగేశాను. కొత్త షూటింగులకన్నా పాత క్యాసెట్ల పేర్లే కొన్ని పేజీల్లో ఎక్కువ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా స్టూడియో నడుస్తుంది, ఈ కార్డు లేకపోతే రోజూ వచ్చే గిరాకీ ఆగిపోతుంది.

మినీ డీవీలో ఉన్నది ముందే డిజిటల్. 720×576 బొమ్మ, సెకనుకి 25 ఫ్రేములు. ఫైర్‌వైర్ వైరుతో తీస్తే టేప్ మీద ఉన్నది ఉన్నట్టుగా ఫైలులోకి దిగుతుంది, గంట టేపుకి దాదాపు 13 జీబీ. పసుపు పిన్ను ఏవీ వైరుతో తీస్తే ఒకసారి అనలాగ్ అయి, మళ్లీ డిజిటల్ అయి, పట్టుచీర అంచు జరీ అంతా అలుక్కుపోతుంది.

బాబాయి గారు అంతకుముందే ఆన్‌లైన్‌లో ఒక వైరు తెప్పించి పెట్టుకున్నారు. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర 4 పిన్నుల ఫైర్‌వైర్. “కార్డుతో పనేముంది, ఇది ఉందిగా” అని చూపించారు. యూఎస్‌బీ తల ప్లాస్టిక్ విప్పి చూపించాను. నాలుగు తీగలు ఈ చివర నుంచి ఆ చివరకి, మధ్యలో చిప్ లేదు. రెండు వేరువేరు పద్ధతుల మధ్య తర్జుమా చేసేది ఏదీ లేకుండా ఉత్త తీగ ఏం చేస్తుంది? డీవీ కెమెరా విషయంలో ఇవన్నీ ఇంతే.

యూఎస్‌బీ కన్వర్టర్లన్నీ దండగ అని మాత్రం అనను. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో కాటాని కంప్యూటర్‌కి కలిపిన సీరియల్ కార్డు ఇలాగే పాత పీసీఐది. దాని చిప్ మీద మాస్‌చిప్ అని ఉంది, మన హైదరాబాద్ కంపెనీయే. ఆ చిప్‌ల వ్యాపారం తర్వాత తైవాన్ వాళ్ల చేతికి వెళ్లింది. అక్కడ మంచి యూఎస్‌బీ సీరియల్ వైరు ఒకటి పెట్టి, వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రామ్ కామ్ 1 తప్ప వేరే పోర్టు చూడదు కాబట్టి డివైస్ మేనేజర్‌లో పోర్టు నంబరు 1 చేశాను. అరగంటలో టిక్కీల (మిర్చి బస్తాల) తూకం తెర మీద పడింది. కాటా పంపేది సెకనుకి పిడికెడు అక్షరాలు, మధ్యలో అర క్షణం ఆలస్యమైనా అడిగేవాడు లేడు. టేపు తిరుగుతూ ఉంటుంది, ఆగదు, తేడా అంతా అక్కడే.

పాత వీఐఏ కార్డునే ఎలాగైనా బతికించాలని నాకు పట్టుదల వచ్చింది. కొంత నా ఫోన్ మాట నిలబెట్టుకోవాలని, కొంత కొత్త ఫైర్‌వైర్ కార్డు ఖర్చు ఎందుకని. ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో గుచ్చితే పైన పీసీఐ స్లాటు ఇచ్చే బ్రిడ్జి బోర్డు ఒకటి తెప్పించాను, పన్నెండు వందలు. పీసీఐ కార్డుకి 5 వోల్టులు కావాలి, ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో 12, 3.3 తప్ప 5 ఉండదు, కాబట్టి బ్రిడ్జికి పక్క నుంచి మోలెక్స్ పవర్ ఇచ్చాను. బ్రిడ్జి మీద కూర్చున్న కార్డు రెండంగుళాలు పైకి లేచింది, వెనక పట్టీ స్క్రూకి అందదు. కేబుల్ టైతో కేబినెట్ కమ్మీకి కట్టాను. చూడ్డానికి గాయానికి కట్టు కట్టినట్టుంది.

విండోస్ 11 కార్డుని వెంటనే గుర్తుపట్టింది. కెమెరా కూడా కనపడింది. సంబరంలో పక్కనే ఉన్న క్యాసెట్ తీసి పెట్టేశాను. సింగ్ నగర్ వాళ్లది, నీళ్లకి ఒక అర పైన ఉండి బతికిన క్యాసెట్. టేపు దించే విన్‌డీవీ ప్రోగ్రామ్‌లో క్యాప్చర్ నొక్కాను. రెండు నిమిషాలు బాగానే పోయింది. మూడో నిమిషంలో డ్రాప్డ్ ఫ్రేమ్స్ (దిగకుండా పోయిన ఫ్రేముల లెక్క) దగ్గర సున్నా పోయి 4 అయింది. తర్వాత 11. సన్నాయి మధ్యలో టిక్కుమని చప్పుడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను, 23. పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ పొదుపు ఆపేసి మళ్లీ వెనక్కి తిప్పాను, 6. తగ్గిందని ఇంకోసారి వెనక్కి తిప్పబోతుంటే బాబాయి గారు వచ్చి కెమెరా మీద ఎజెక్ట్ నొక్కి, క్యాసెట్ తీసి దాని డబ్బాలో పెట్టుకున్నారు.

“ఇంక దీంతో ఆడొద్దు అబ్బాయ్. ఇదొక్కటే ఉంది వాళ్లకి.”

ఆయన అన్నది నిజం. ఇరవై ఏళ్ల టేపుని పరీక్షకి మూడుసార్లు తిప్పడం నా తప్పు. ఆ సాయంత్రమే ఒక ఖాళీ క్యాసెట్ పెట్టి, సెకన్ల ముల్లున్న గోడ గడియారాన్ని గంటసేపు షూట్ చేసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ కార్డు పరీక్షించాలన్నా అదే టేపు. ఫ్రేము పోతే ముల్లు గెంతుతుంది, అంకె చూడకపోయినా కంటికి తెలిసిపోతుంది.

ఆ టేపుతో పాత మిషన్‌లో అదే వీఐఏ కార్డు, అదే వైరు: గంటకి సున్నా. కొత్త మిషన్‌లో బ్రిడ్జి మీద: ప్రతిసారీ ఏదో ఒక అంకె. కాబట్టి కార్డు మంచిదే. వేగం చాలక కూడా కాదు, పీసీఐ దారి సెకనుకి 133 ఎంబీ మోయగలదు, డీవీకి 4 ఎంబీ కూడా అక్కర్లేదు. తేడా ఇంటరప్ట్ దగ్గర ఉందని నా నిర్ణయం. పాత పీసీఐలో కార్డు “నా దగ్గర డేటా ఉంది, తీసుకో” అని చెప్పడానికి ఒక తీగ ఉంటుంది. తీసుకున్నాక తీగ వదిలేస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లో ఆ తీగే లేదు, పట్టుకున్నాను, వదిలేశాను అని రెండు మెసేజ్‌లుగా బ్రిడ్జి పంపాలి. వదిలేశాను అన్న మెసేజ్ ఆలస్యమైనా, తప్పిపోయినా అవతల ప్రొసెసర్ కంగారు పడుతుంది. చవక బ్రిడ్జి చిప్‌లతో ఈ తగవు లైనక్స్ వాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు. ప్రింటర్ కార్డు లాంటిదైతే ఈ బ్రిడ్జి మీద హాయిగా నడిచేది. నడిచే టేపుకి పనికిరాదు.

బ్రిడ్జి డబ్బులు నా ఖాతాలో వేసుకుని, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు తెప్పించాను. తమాషా ఏంటంటే దాని చిప్ లోపల ఉన్నదీ ఎక్స్‌ప్రెస్ నుంచి పీసీఐకి వంతెనే, దాని అవతల ఫైర్‌వైర్. రెండూ ఒకే చేతి కింద, ఒకే చిప్‌లో కట్టారు కాబట్టి కలహం లేదు.

పెట్టాక ఇంకో మెలిక. విండోస్ తనంతట తాను వేసుకున్న ఫైర్‌వైర్ డ్రైవర్‌తో కార్డు కనిపిస్తోంది, కెమెరా ఒకసారి కనపడి ఒకసారి మాయమవుతోంది. విండోస్ 7 దాకా లెగసీ అని ఒక పాత ఓహెచ్‌సీఐ డ్రైవర్ కూడా లోపలే ఉండేది. విండోస్ 8 నుంచి తీసేశారు, కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని విడిగా ఇచ్చింది. అది ఎక్కించి, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, నా కంప్యూటర్‌లోని జాబితా నుంచి ఎంచుకుంటాను అని చెప్పి, లెగసీ అని ఉన్నదాన్ని ఎంచుకున్నాను. గడియారం టేపు గంటా తిరిగింది. సున్నా. ఇంకోసారి, ఈసారి పక్కన 4కే టైమ్‌లైన్ నడుపుతూ. సున్నా.

అప్పుడు సింగ్ నగర్ క్యాసెట్ మళ్లీ అడిగాను. బాబాయి గారు ఇచ్చే ముందు కెమెరా ఆఫ్‌లో ఉందో లేదో తానే చూశారు. ఆ అలవాటు నేను చేసిందే. ఫైర్‌వైర్ 6 పిన్నుల వైపు కరెంట్ కూడా పారుతుంది, కెమెరా ఆన్‌లో ఉండగా వైరు గుచ్చినా, తలకిందులుగా నెట్టినా కెమెరా పోర్టు కాలిపోవచ్చు. ఇప్పుడు మినీ డీవీ కెమెరా కొత్తది ఎక్కడా దొరకదు. క్యాసెట్ ఒక్క తిప్పులో, ఒక్క ఫ్రేమూ పోకుండా దిగింది.

మిగిలింది టీవీ ట్యూనర్. దాంట్లో టీవీ చూసి ఏళ్లు అయింది, వీహెచ్ఎస్ క్యాసెట్లని పసుపు పిన్నులోంచి తీయడానికే వాడుతున్నారు. ఆర్డర్ పుస్తకంలో వీహెచ్ఎస్ నెలకి రెండో మూడో. దీని డ్రైవర్ విస్టా, విండోస్ 7 నాటిది. కొత్త మిషన్‌కి తెచ్చే దారులు లేకపోలేదు. డ్రైవర్ సంతకాల తనిఖీ ఆపేసి, మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ కూడా తీసేసి నడిపించేవాళ్లు ఉన్నారు. ఆయన అదే మిషన్‌లో కస్టమర్ల డబ్బుల లావాదేవీలు చూసుకుంటారు. నెలకి మూడు క్యాసెట్ల కోసం ఆ తలుపులు తీయడానికి నేను ఒప్పుకోలేదు.

అందుకని పాత మిషన్‌నే ఉంచేశాం. అందులోంచి గ్రాఫిక్స్, సౌండ్, సాటా కార్డులు తీసేశాక పాత ప్రొసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తోనే తెర వస్తోంది. వీఐఏ ఫైర్‌వైర్ కార్డుని దాని పుట్టింటికే పంపాను, కొత్త కార్డు ఎప్పుడైనా మొరాయిస్తే ఉంటుంది. ఇంటర్నెట్ వైరు పీకేసి, బయోస్‌లో నెట్‌వర్క్ పోర్టు కూడా ఆపేసి, కేబినెట్ మీద మార్కర్‌తో “నెట్ పెట్టొద్దు” అని రాశాను. ఫైళ్లు బయటికి ఒక హార్డ్‌డిస్కులో వస్తాయి, కొత్త మిషన్‌లో స్కాన్ చేశాకే తెరుస్తారు.

ఆ ట్యూనర్ కార్డు మీద ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. అదే విలువది మా షాపులో ఉంటే మార్చాను. రబ్బరుతో కాంటాక్టులు రుద్దేటప్పుడు ఒక మాట: గట్టిగా రుద్దితే బంగారు పూతే పోతుంది, నల్లదనం పోయేదాకా మెత్తగా ఒకే వైపుకి లాగి, పొడిని బ్రష్‌తో దులిపేయాలి. పొడి స్లాట్‌లో పడితే ఇంకో కొత్త జబ్బు.

జీటీఎక్స్ 550 టీఐని బాబాయి గారు నాకే ఇచ్చేశారు. నో డిస్‌ప్లే అని వచ్చే పాత బోర్డుల మీద పరీక్షకి వాడుతున్నాను, వాటికి దాని భాష తెలుసు.

శ్రావణం మొదటి శుక్రవారానికి కొత్త మిషన్ మీద 4కే ఎడిటింగ్ మొదలైంది. పాత మిషన్‌లో కెపాసిటర్ మార్చాక మొదట పెట్టింది బాబాయి గారి సొంత పెళ్లి వీహెచ్ఎస్. ఇన్నాళ్లూ కస్టమర్లవి చేస్తూ దాన్ని పక్కన పెట్టుకున్నారట. మొదటి ఐదు నిమిషాలు బూజు గీతలు, వీసీఆర్ హెడ్డు రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. ఆ తర్వాత బొమ్మ నిలబడింది. పిన్నిగారిని పిలవడానికి ఆయన లోపలికి వెళ్లారు, నేను డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె చూస్తూ కూర్చున్నాను.